మూడో రోజు జుట్టు

నన్ను అందరూ దువ్వెనక్క అంటారు. ఉంగరాల జుట్టుకి దువ్వెన తగలనివ్వని మనిషికి ఆ పేరు ఎవరు తగిలించారో గానీ, ఇరవై ఆరేళ్లుగా అదే ఉండిపోయింది. సినిమాల్లో నటుల జుట్టు చూసుకోవడం నా ఉద్యోగం. గాలికి చెదిరిన జుట్టు కావాలన్నా, ఏడ్చి లేచిన జుట్టు కావాలన్నా నా చేతుల మీదుగానే పోవాలి. ఆ పని నా అంత బాగా చేసేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. ఇలా చెప్పుకుంటే మా అక్క కసురుతుంది. పని రానివాళ్లు గొప్పలు చెప్పుకుంటే తప్పు గానీ, నాకేం?

ఆ సోమవారం పొద్దున మాత్రం నేను కాస్త ఎక్కువే వాగాను.

కొత్త సినిమా. హీరోయిన్ కూడా కొత్తదే, ఇరవై రెండేళ్ల పిల్ల. మొహం చూసి ఎంచుకున్న డైరెక్టరు జుట్టు చూసి జంకాడు. భుజాల దాకా ఉంగరాలే. కొన్ని వేలికి సరిపోయేంత సన్నం, కొన్ని గాజుకి సరిపోయేంత వెడల్పు. మొదట తీయాల్సిన సీనేమో ఇది: రెండు రాత్రులు బస్సులో కూర్చుని కూతురు ఇల్లు చేరుతుంది, భోజనాల బల్ల దగ్గర తండ్రితో గొడవపడుతుంది. తెర మీద అది పది నిమిషాలు. తీయడానికి నాలుగు రోజులు, ఎందుకంటే తండ్రి వేషం వేసే పెద్దాయన పొద్దున పూటే ఉంటాడు, మధ్యాహ్నం ఆయనకి ఇంకో చోట పని. అంటే సోమవారం నుంచి గురువారం దాకా ఆ పిల్ల తల వెంట్రుకవాసి కూడా మారకూడదు. మారిందంటే, గ్లాసు ఎత్తినప్పుడు ఒక జుట్టు, దించినప్పుడు ఇంకో జుట్టు కనిపిస్తుంది.

"ఉంగరాల జుట్టుని నమ్మలేం అక్కా," అన్నాడు డైరెక్టరు. "ఇవాళ ఉన్నట్టు రేపుండదు. విగ్గు పెట్టేద్దాం. సినిమా అయ్యేదాకా ఇక గొడవుండదు."

విగ్గు అప్పటికే తెప్పించి పెట్టాడు. మేకప్ గది మూలన ఒక చెక్క తలకాయ మీద కూర్చుని ఉంది. ఉంగరాలదే, కానీ అన్నీ ఒకే కొలత, ఒకే మెరుపు. ఫ్యాక్టరీలో పుట్టిన సంగతి వీధి చివర నుంచి చూసినా తెలిసిపోతుంది. చూసిన వెంటనే దానికి సవతి అని పేరు పెట్టాను.

"నాలుగు రోజులు," అన్నాను. "ఇదే తలని తలస్నానం లేకుండా నాలుగు రోజులు ఇలాగే నిలబెడతాను. ఒక్క ఉంగరం అటూ ఇటూ అయినా, తీసిందంతా ఆ సవతిని పెట్టి మళ్లీ తీసుకోండి. సినిమా అంతా దాన్నే పెట్టుకోండి. నేను నోరెత్తను."

డైరెక్టరు అందరి ముందూ సరే అన్నాడు. పిల్ల నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆమె వయసులో నేనూ నటిద్దామనే వచ్చాను. మొదటి రోజే నా ఉంగరాలని బట్టలు ఇస్త్రీ చేసినట్టు చేసి సాఫు చేశారు. రెండో వారానికి జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. అద్దంలో కనిపించే మనిషి నేను కాదనిపించి నటన మానేశాను. ఆ కాలిన వాసన ఇప్పటికీ నా ముక్కులోంచి పోలేదు. ఇంకో పిల్ల తన సొంత తలని ఇంట్లో దాచిపెట్టి పనికి రావడం నాకు ఇష్టం లేదు, అంతే.

సీనుకి కావాల్సింది మూడో రోజు జుట్టు, బస్సులో నలిగిన జుట్టు. అందుకే శనివారం తలస్నానం చేయమని పిల్లకి ముందే చెప్పాను. సోమవారానికి అది మూడో రోజు. ఇక దాన్ని అక్కడే ఆపాలి. ఉంగరాల జుట్టుకి శత్రువు పొడిదనం. రాత్రిపూట నూలు దిండు గలీబు జుట్టులో ఉన్న తేమంతా పీల్చేస్తుంది, ఏ వైపు పొర్లితే ఆ వైపు ఉంగరాలు పీచవుతాయి. అందుకని రాత్రి జుట్టుని నడినెత్తిన వదులుగా ఎత్తి కట్టి, పైన సాటిన్ గుడ్డ చుట్టుకోమన్నాను. పొద్దున నా సీసా పని: నీళ్లు, అందులో ఒక చెంచా కండిషనర్. మంచు పడ్డట్టు పైపైన కొట్టి, అరచేతుల్లోకి కింది నుంచి ఎత్తి నొక్కుతాను. మాట వినని ఉంగరాన్ని వేలికి చుట్టి, ఇరవై లెక్కపెట్టి వదులుతాను. ఆ తర్వాత ఆరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఆ జుట్టు గల మనిషితో సహా.

ఇదంతా నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. కుర్చీని అద్దానికి వీపు పెట్టి తిప్పేసేదాన్ని. పదేళ్ల క్రితం ఒకామెకి అన్నీ నేర్పితే నా పనికే ఎసరు పెట్టింది. అప్పట్నుంచి నా నోటికి తాళం.

"ఎందుకక్కా ఇలా కట్టుకోవాలి?" అంది పిల్ల సోమవారం సాయంత్రం, సాటిన్ గుడ్డ చేతిలో పట్టుకుని.

"ఎందుకో నీకెందుకు? గురువారం దాకా నీ తల నాది. చెప్పినట్టు చెయ్యి."

మంగళవారం తల అచ్చం సోమవారం తలలాగే ఉంది. మా దగ్గర భూతద్దం అనే అమ్మాయి ఒకతి ఉంది. ఏ షాట్‌లో గ్లాసులో నీళ్లు ఎంత ఉన్నాయి, చొక్కాకి ఎన్నో బొత్తాం విప్పి ఉంది, అన్నీ ఫొటోలు తీసి మర్నాటితో సరిచూడటం ఆమె పని. టాబ్లెట్ పట్టుకుని పిల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, తప్పేమీ దొరక్క వెళ్లిపోయింది. "ఫొటోలు నీకు, వేళ్లు నాకు," అన్నాను వెనకనుంచి. వినపడాలనే అన్నాను.

బుధవారం పొద్దున ఏడింటికి మేకప్ గది తలుపు తెరుచుకుంది. మనిషి కంటే ముందు షాంపూ వాసన లోపలికొచ్చింది.

వెనకాలే పిల్ల. తల నిగనిగలాడుతోంది. ప్రతి ఉంగరం స్ప్రింగులా ఎగురుతోంది. భుజాల మీద వాలి ఉండాల్సిన జుట్టు చెవుల దగ్గరికి ఎక్కి కూర్చుంది. ఇంకెప్పుడైనా అయితే ఆ తలని చూసి మురిసిపోయేదాన్ని. అప్పుడు మాత్రం మూలనున్న సవతి వైపు కళ్లు పోయాయి.

పిల్ల వెనక ఒకావిడ, భుజానికి సంచి, నూనె రాసి నున్నగా వెనక్కి లాగి కట్టిన ముడి. వాళ్లమ్మట.

"మీరేనా అండీ జుట్టు చూసేది?" అంది నవ్వుతూ. "శనివారం తర్వాత దీని తలకి నీళ్లే పోయలేదంట! నలుగురూ చూసే పని కదా, ఏమనుకుంటారు? అందుకే రాత్రి నేనే కూర్చోబెట్టి, రెండుసార్లు రుద్ది మరీ తలంటాను. అసలే వాళ్ల నాన్న వైపు జుట్టండీ. మా వైపు అందరిదీ సాఫే."

నేనేమన్నానో పూర్తిగా రాయను. నోటికొచ్చినట్టు మాట్లాడానని మాత్రం ఒప్పుకుంటాను. ఆవిడ సంచిని గుండెలకి హత్తుకుని గోడవైపు జరిగింది. అప్పుడు పిల్ల మీద పడ్డాను.

"గురువారం దాకా నీ తల నాదని చెప్పానా లేదా?"

"చెప్పారక్కా." పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం తగ్గలేదు. "కానీ మీరే రోజూ నీళ్లు కొడుతున్నారు కదా. ఆ సీసాలో ఏముందో నాకు తెలీదు. తలంటితే ఏమవుతుందో కూడా తెలీదు. కుర్చీ అటు తిప్పేస్తారు, నాకేం కనపడదు. పందెం అని చెబితే అమ్మ వింటుందా? తలంటుతానంటే వద్దనడానికి ఒక కారణం కావాలి కదక్కా. నా దగ్గర లేదు."

పాపం, సోమవారమే అడిగింది. ఎందుకో నీకెందుకన్నది నేనే. చాలా సిగ్గేసింది. నలుగురిలో పందెం కాసిన పెద్దమనిషిని, కాపాడాల్సిన తలకే కారణం చెప్పలేదు.

ఇంతలో భూతద్దం వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఇది సోమవారం తల కాదు."

"నాకూ కళ్లున్నాయి."

"తొమ్మిదింటికి దగ్గరి షాట్. మొహం, జుట్టు, అంతే కనపడేది. పావుతక్కువ తొమ్మిదికి నేను సరిచూసి డైరెక్టర్ గారికి చెప్పాలి." టాబ్లెట్ తెరుస్తూ, "లేనిది ఉన్నట్టు చెప్పలేనక్కా," అంది. ఎగతాళిగా అనలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

చేతిలో గంటా నలభై నిమిషాలు. మూలన చెక్క తలకాయ మీద సవతి హాయిగా కూర్చుని ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు మండింది, ఒళ్లు మండితే నాకు బుర్ర బాగా పని చేస్తుంది.

మూడో రోజు జుట్టుని మొదటి రోజులా చెయ్యమని అందరూ నా దగ్గరికి వస్తారు. మొదటి రోజు జుట్టుని మూడో రోజులా చెయ్యమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా పెద్ద విద్యేం కాదు. చెయ్యొద్దని నేను చెప్పేవన్నీ చెయ్యాలి. నూలు బట్టతో రుద్దాలి, పొడిగా ఉండగా దువ్వాలి, వేళ్లు పెట్టి కెలకాలి, తలని దేనికో ఆనించి నలపాలి. రెండు రోజుల్లో జరగాల్సిన పాడంతా గంటన్నరలో జరగాలి, అదీ ఫొటోలో ఎక్కడుంటే అక్కడే. ఒక్కదాన్నే చేస్తే మధ్యాహ్నం దాటుతుంది. పైగా ఆ పనులు నా చేతులకి రావు. ఇరవై ఆరేళ్లుగా చెయ్యకుండా జాగ్రత్తపడ్డ పనులవి.

ఆవిడ వైపు తిరిగాను. "రాత్రి తలంటాక దేంతో తుడిచారు?"

ఆవిడ భయపడుతూ సంచిలోంచి ఒక తువ్వాలు తీసింది. ఉతికి ఉతికి బిరుసెక్కిన నూలు తువ్వాలు. "దీంతోనేనండీ. చిన్నప్పట్నుంచీ దీంతోనే. గట్టిగా రుద్దకపోతే ఆరదు కదా అని..."

"దువ్వెన?"

అదీ తీసింది. సన్నటి పళ్ల ప్లాస్టిక్ దువ్వెన. రెండు పళ్లు విరిగి ఉన్నాయి. ఎవరి జుట్టులో విరిగాయో అడగక్కర్లేదు.

ఉంగరాల జుట్టుకి ఏమేం చెయ్యకూడదో అన్నీ ఇరవై రెండేళ్లుగా రోజూ చేసి చెయ్యి తిరిగిన మనిషి తనంతట తానే నా గదిలోకి వచ్చింది. నేనేమో ఆమె మీద అరిచి గోడకి అంటించాను.

"ఇటు రండి వదినా," అన్నాను. "ఇవాళ మీరు లేకపోతే నా పని జరగదు."

పిల్లని కూర్చోబెట్టి కుర్చీని అద్దం వైపు తిప్పాను. అటు తిరిగి ఎన్నేళ్లయిందో, కీచుమంది.

"చూసుకో," అన్నాను. "ఇవి కండిషనర్ కలిపిన నీళ్లు. ఇంకేం మాయ లేదు. నేను రోజూ కొట్టేది తల తడపడానికి కాదు, ఎండిన ఉంగరానికి దాని వంపు గుర్తుచెయ్యడానికి. తల మొత్తం తడిపి రుద్దితే ఉంగరాలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. అందుకే తలంటొద్దన్నాను. ఈ ముక్క సోమవారమే చెప్పాల్సింది. తప్పు నాది."

పిల్ల అద్దంలోంచి నన్ను చూసింది. "మరి సాటిన్ గుడ్డ?"

"జుట్టు జారడానికి. నూలైతే పట్టుకుని పీకుతుంది, తేమ తాగేస్తుంది."

పదేళ్లు దాచిన రహస్యం. చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

పని మొదలుపెట్టాం. ముందు నేను వేళ్ల కొసలకి చుక్క నూనె రాసుకుని, నిటారుగా లేచిన కుదుళ్లని ఒక్కొక్కటే నొక్కి కూర్చోబెట్టాను. సోమవారం ఫొటోలో కుడివైపు అణిగి ఉంది, బస్సు కిటికీకి ఆనుకుని నిద్రపోయినట్టు. అందుకని పిల్లని కిటికీ పక్కకి మార్చి, కుడి కణత దగ్గర కాస్త తడి చేసి, కిటికీ అద్దానికి తల ఆనించి ఇరవై నిమిషాలు కదలొద్దన్నాను. అలాగే ఆనుకుని డైలాగులు చదువుకుంటూ కూర్చుంది. వదిన వెనక నిలబడి తువ్వాలు అందుకుంది.

"ఎంతసేపు రుద్దాలండీ?"

"రోజూ ఎంతసేపు రుద్దుతారు?"

"చెయ్యి నొప్పి పుట్టేదాకా."

"అందులో పావు వంతు చాలు. నడినెత్తిన మాత్రమే."

భూతద్దం ఇంకా గుమ్మంలోనే ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా భూతద్దం, ఆ ఫొటోలు కాస్త ఇటు పట్రా."

"ఫొటోలు నాకు, వేళ్లు మీకు కదక్కా?"

"సరేలే, దొరికాను కదా అని వాయించకు. రా."

నవ్వుతూ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇక ఆ గదిలో ఆమె గొంతే. "నడినెత్తిన పీచు ఇంకొంచెం. ఆగండి ఆగండి, ఎక్కువైంది." నేను సీసా కొట్టి అణిచాను. "ఎడమ చెవి మీద మూడు ఉంగరాలు. మధ్యది రెండుగా చీలి ఉంది." పిల్ల పొడి వేళ్లతో తనే చీల్చుకుంది, కిటికీ గట్టు మీది చిన్న అద్దంలో చూసుకుంటూ. "మెడ దగ్గర చిక్కు. వెనకనుంచి తీసిన ఫొటోలో బాగా కనపడుతోంది."

చిక్కంటే దువ్వెన. వదిన నావైపు చూసింది. తల ఊపి కళ్లు మూసుకున్నాను. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి నా ముందు పొడి ఉంగరాల మీద దువ్వెన నడిచింది. ఆ చప్పుడు వింటుంటే నా పళ్లు జివ్వుమన్నాయి.

కళ్లు తెరిచేసరికి వదిన వంగి ఉంది, ఆవిడ మెడ నాకు ఎదురుగా ఉంది. ఎంత నూనె రాసినా, ఎన్ని పిన్నులు గుచ్చినా లొంగని చిన్న చిన్న ఉంగరాలు, చెమటకి తడిసి చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అచ్చం పిల్లవే. వేలికి సరిపోయేంత సన్నం.

"వాళ్ల నాన్న వైపా?" అన్నాను, ఆవిడకి మాత్రమే వినపడేలా.

ఆవిడ ఒక చేత్తో ముడి తడుముకుని, మళ్లీ దువ్వెన పట్టుకుంది.

ఎనిమిదిన్నర దాటాక భూతద్దం లేచి, టాబ్లెట్ పట్టుకుని పిల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంకోసారి తిరిగింది.

"ఒక్కటి," అంది. "నుదుటి మీది ఉంగరం. సోమవారం బయటికి తిరిగి ఉంది, ఇవాళ లోపలికి తిరిగింది."

వేలికి చుట్టి ఇరవై లెక్కపెట్టి వదిలాను. టక్కున లోపలికి తిరిగింది. సీసా కొట్టి మళ్లీ చుట్టాను. మళ్లీ అంతే. రాత్రి రెండుసార్లు రుద్ది తలంటిన జుట్టు మరి, జారిపోతోంది, నా మాట వినడం లేదు. దగ్గరి షాట్‌లో తెర మధ్యన కనపడేది ఆ ఒక్క ఉంగరమే. టైము చూశాను. పది నిమిషాలుంది.

"నేనొకసారి చూడనా అండీ?" అంది వదిన.

పక్కకి జరిగాను. ఆవిడ తన ముడి మీద వేలు రాసుకుంది, నూనె అంటేలా. ఆ వేలికి ఉంగరాన్ని బయటివైపుకి చుట్టింది. నేను చేసినట్టే పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. ఇరవై అయ్యాక మెల్లిగా వేలు లాగేసింది. ఉంగరం అలాగే ఉంది.

భూతద్దం ఫొటో వైపు చూసింది, పిల్ల వైపు చూసింది, టాబ్లెట్ మూసింది. "కలిసింది," అంది. నాకు ఆ భూతద్దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

షాట్ మూడుసార్లు తీశారు. నేను కెమెరా వెనక నిలబడి నుదుటి మీది ఉంగరాన్నే చూస్తున్నాను. పిల్ల తండ్రి మీద అరిచింది, బల్ల చరిచింది, తల విసిరింది. ఉంగరం ఊగి మళ్లీ తన చోటికి వచ్చింది. మూడోసారికి నేను ఉంగరాన్ని మర్చిపోయి పిల్ల మొహం చూశాను. ఎంత బాగా చేసిందో! అది ఆమె మొహం, ఆమె తల, రెండూ కలిసి అరిచాయి.

డైరెక్టరు సోమవారం షాటూ ఇవాల్టి షాటూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. భూతద్దాన్ని పిలిచి అడిగాడు. సరిచూశానని చెప్పింది.

"గెలిచినట్టే అక్కా," అన్నాడు. "శనివారం నుంచి ఈ తలకి స్నానం లేదంటే నమ్మలేకపోతున్నాను."

"నమ్మకండి. రాత్రి శుభ్రంగా తలంటారు. పొద్దున మేం నలుగురం కూర్చుని మళ్లీ పాతది చేశాం."

చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ చేసిన పని దాచుకునే అలవాటు ఆ పొద్దున్నే వదిలేశాను. డైరెక్టరు నా వైపు చూసి, మళ్లీ రెండు షాట్లూ చూసి, తల పట్టుకుని నవ్వాడు. "ఆ విగ్గుని పెట్టెలో పెట్టి పంపించెయ్యండి," అన్నాడు ఎవరితోనో. తర్వాత పిల్ల వైపు తిరిగాడు. "ఏం జుట్టమ్మా ఇది! ఎవరి పోలిక?"

పిల్ల అలవాటుగా నోరు తెరిచింది. "మా నాన్న..."

"నా పోలిక," అంది వెనకనుంచి వాళ్లమ్మ.

అందరం తిరిగి చూశాం. ఆవిడ చేతిలో తువ్వాలు నలుపుతూ నిలబడి ఉంది. మాట మాత్రం గట్టిగానే వచ్చింది. "ఇన్నేళ్లూ వాళ్ల నాన్న మీదికి నెట్టాను. చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను చీపురుకట్ట అనేవాళ్లు. దీన్ని అలా అనకూడదని రుద్ది, దువ్వి, అణిచి చూశాను. ఇది నా జుట్టే."

పిల్ల వాళ్లమ్మనే చూస్తోంది. "అమ్మా, నీ జుట్టు విప్పి ఉండగా నేనెప్పుడూ చూడలేదు," అంది.

మేకప్ గదిలోకి వచ్చేసరికి సవతి పెట్టె ఎక్కింది. రెండు పళ్లు విరిగిన ఆ దువ్వెనని కూడా అందులో పడేసి మూత పెట్టాను. కుర్చీ ఇంకా అద్దం వైపే తిరిగి ఉంది. "కూర్చోండి వదినా," అన్నాను. ఆవిడ కూర్చుని, అద్దంలోకి చూడకుండా ఒక్కో పిన్నూ తీసి నా అరచేతిలో పెట్టసాగింది.

పిల్ల నా పక్కకి వచ్చి నిలబడింది. "నేను చెయ్యనా అక్కా?"

సీసా ఆమె చేతికిచ్చాను.